పిల్లల ఫోల్డరు ఏ దారిన వస్తుంది? – ల్యాబులో టీసీపీ, యూడీపీల సంగతి



బడి తెరిచిన మొదటి వారంలో కంప్యూటర్ ల్యాబులో జరిగిన గొడవ చాలామంది ఇళ్ల దాకా వచ్చింది. సెలవుల్లో సిస్టమ్‌లన్నిటికీ కొత్త లినక్స్ వేశాం. సోమవారం పొద్దున తొమ్మిదో తరగతి పిల్లలు వచ్చి కూర్చుని, ఎప్పటిలాగే తమ ‘సంచి’ ఫోల్డరు నొక్కారు. తెర మీద ‘అలాంటి ఫైలు గానీ ఫోల్డరు గానీ లేదు’ అని వచ్చింది. ఒకరికి కాదు, అందరికీ అదే. "సార్, నా ఫైళ్లన్నీ పోయాయి" అని ఒక పాప ఏడుపు మొదలుపెట్టింది. అవ్వా తాతల దగ్గర కూర్చుని రికార్డు చేసుకొచ్చిన మాటలు, పాటలు ఆ సంచిలోనే ఉన్నాయి. ఆ అవ్వల్లో ఒకరు ఇప్పుడు లేరు. ఆ రికార్డింగుకు ఇంకో కాపీ లేదు.

ముందుగా అసలు మాట: ఒక్క ఫైలూ పోలేదు. ఫైళ్లు సర్వర్‌లో భద్రంగా ఉన్నాయి. అక్కడికి వెళ్లే దారి ఒక్కటే మూసుకుపోయింది. ఎన్నో ఏళ్ల కిందట మా సెట్టింగుల్లో ఎవరో రాసిన మూడక్షరాల మాట, ‘యూడీపీ’, దానికి కారణం. ఆ రోజుల్లో అది సరైన మాటే. ఇవాళ్టి కొత్త సిస్టమ్‌లు దాన్ని ఒప్పుకోవు. దాన్ని ‘టీసీపీ’ అని మార్చాక అన్ని సంచులూ తెరుచుకున్నాయి.

ఆ మార్పు ఎందుకు చేశామో, రెండిటికీ తేడా ఏమిటో, పిల్లల పనికి ఏది మేలో ఇక్కడ వివరంగా రాస్తున్నాం. పై తరగతుల పిల్లలు ప్రాజెక్టుకు వాడుకోవచ్చు. మీ ఆఫీసులోనో, వేరే బడిలోనో ఇలాంటి ఏర్పాటు ఉంటే పెద్దలకూ పనికొస్తుంది.

ఫోల్డరు నిజంగా ఎక్కడ ఉంటుంది?

ఇవాళ మూడో నంబరు సిస్టమ్ ముందు కూర్చున్న పిల్ల, రేపు పదిహేనో నంబరు ముందు కూర్చుంటుంది. అయినా తన ఫైళ్లు తనకు కనిపిస్తాయి. ఎందుకంటే ఆ ఫైళ్లు ఏ సిస్టమ్‌లోనూ లేవు, మూల గదిలో ఉన్న సర్వర్‌లో ఉన్నాయి. వేరే కంప్యూటర్‌లో ఉన్న ఫోల్డరును మన కంప్యూటర్‌లోదే అన్నట్టు చూపించే పద్ధతిని నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్, క్లుప్తంగా ఎన్‌ఎఫ్‌ఎస్ అంటారు. దీన్ని 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ అనే అమెరికా కంపెనీ తయారుచేసింది. నలభై ఏళ్లు దాటినా ఇంకా వాడుకలోనే ఉంది. లినక్స్ ల్యాబులున్న బడులు, కాలేజీలు చాలావాటిలో ఇదే నడుస్తుంది.

వేరే చోటి ఫోల్డరును మన సిస్టమ్‌కు తగిలించడాన్ని ‘మౌంట్’ చేయడం అంటారు. గోడకున్న కొక్కేనికి సంచి తగిలించినట్టే. కొక్కెం మన గోడది, సంచి మాత్రం ఇంకొకరిది.

దానంతటదే తగులుకునే సంచి

బడిలో వందల మంది పిల్లలున్నారు. ప్రతి సిస్టమ్‌లో ప్రతి పిల్లవాడి సంచీ ఎప్పుడూ తగిలించే ఉంచడం దండగ. అందుకే ‘ఆటోమౌంట్’ పద్ధతి వాడతాం. లినక్స్‌లో ఈ పని చేసే ప్రోగ్రాం పేరు ఆటోఎఫ్‌ఎస్. పిల్ల తన సంచి నొక్కిన క్షణంలో అది సర్వర్‌ను అడిగి సంచి తగిలిస్తుంది. కొంతసేపు ఎవరూ ముట్టుకోకపోతే దించేస్తుంది. ఆటోఎఫ్‌ఎస్‌తో మామూలుగా వచ్చే సెట్టింగులో ఈ గడువు 5 నిమిషాలు.

ఈ పద్ధతిలో పిల్లలను కంగారుపెట్టే సంగతులు మూడున్నాయి.

మొదటిది: సంచులుండే పై ఫోల్డరు తెరిచి చూస్తే ఖాళీగా కనిపించవచ్చు. అడిగేదాకా ఏ సంచీ తగులుకోదు కదా. ఖాళీగా ఉందంటే ఫైళ్లు లేవని అర్థం కాదు.

రెండోది: తగిలించడం కుదరకపోతే, ‘దారి మూసుకుంది’ అని చెప్పడానికి బదులు మామూలుగా ‘అలాంటి ఫోల్డరు లేదు’ అనే సందేశమే వస్తుంది. సర్వర్ ఆగిపోయినా, వైరు ఊడినా, ప్రోటోకాల్ తప్పుగా రాసి ఉన్నా తెర మీద కనిపించేది అదే. ఆ సోమవారం మా పిల్లలు భయపడింది ఇందుకే. అసలు కారణం సిస్టమ్ లాగ్‌లో మాత్రమే ఉంటుంది. మా లాగ్‌లో ఉన్న మాటకు తెలుగు చెప్పాలంటే, ‘అడిగిన ఎన్‌ఎఫ్‌ఎస్ వెర్షన్ గానీ రవాణా ప్రోటోకాల్ గానీ ఇక్కడ నడవదు’ అని.

మూడోది: ఒకసారి విఫలమైతే ఆటోఎఫ్‌ఎస్ ఆ సంగతి గుర్తుపెట్టుకుని, మామూలు సెట్టింగులో 60 సెకన్ల పాటు మళ్లీ ప్రయత్నించదు. ఈలోగా ఎన్నిసార్లు నొక్కినా అదే జవాబు వస్తుంది. కాబట్టి టకటకా నొక్కకుండా ఒక నిమిషం ఆగి మళ్లీ చూడాలి.

రెండు దారులు

సిస్టమ్‌కూ సర్వర్‌కూ మధ్య మాటలు వైరు మీద చిన్న చిన్న ప్యాకెట్లుగా వెళ్తాయి. వాటిని ఎలా పంపాలి, పోతే ఏం చేయాలి అని చెప్పే నియమాలనే రవాణా ప్రోటోకాల్ అంటాం. ముఖ్యమైనవి రెండు.

యూడీపీ: దీని నియమాలు 1980 ఆగస్టులో ఆర్‌ఎఫ్‌సీ 768 పేరుతో వచ్చాయి. మొత్తం కలిపి మూడు పేజీలే. ప్యాకెట్ పంపడమే దీని పని. చేరిందా లేదా అని అడగదు, వరుస చూడదు, పోతే మళ్లీ పంపదు. అది చూసుకోవలసింది పైనున్న ప్రోగ్రాం.

టీసీపీ: దీని నియమాలు 1981 సెప్టెంబరులో ఆర్‌ఎఫ్‌సీ 793గా వచ్చాయి. 2022 ఆగస్టులో వాటిని సవరించి ఆర్‌ఎఫ్‌సీ 9293గా ప్రచురించారు. ఇది ముందు అవతలివాళ్లతో పరిచయం చేసుకుంటుంది. పంపే ప్రతి బైటుకూ వరుస సంఖ్య ఇస్తుంది. అందిందని అవతలి నుంచి జవాబు రాకపోతే మళ్లీ పంపుతుంది. దారి రద్దీగా ఉంటే వేగం తగ్గించుకుంటుంది.

ఇంత మంచిదైతే మొదట్నుంచీ టీసీపీనే వాడొచ్చు కదా అని పిల్లలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే.

అప్పట్లో యూడీపీని ఎందుకు ఎంచుకున్నారు?

1980ల నాటి కంప్యూటర్లకు మెమరీ తక్కువ, ప్రాసెసర్ నెమ్మది. టీసీపీ లెక్కలు వాటికి బరువు. పైగా తొలి ఎన్‌ఎఫ్‌ఎస్‌లో సర్వర్ ఏదీ గుర్తుపెట్టుకోనక్కర లేకుండా కట్టారు. ప్రతి ప్రశ్నా దానికదే పూర్తిగా ఉంటుంది. సర్వర్ మధ్యలో ఆగి మళ్లీ లేచినా, సిస్టమ్ అదే ప్రశ్న మళ్లీ అడిగితే చాలు, పని సాగిపోతుంది. ఇలాంటి పద్ధతికి యూడీపీ బాగా అతికింది. 1989లో ఆర్‌ఎఫ్‌సీ 1094గా రాసిపెట్టిన రెండో వెర్షన్ మామూలుగా యూడీపీ మీదే నడిచేది. ఒక్క ప్రశ్నలో 8 కిలోబైట్ల కంటే ఎక్కువ చదవడం, రాయడం దానిలో కుదరదు. 1995లో ఆర్‌ఎఫ్‌సీ 1813గా వచ్చిన మూడో వెర్షన్ ఆ హద్దు తీసేసింది. అప్పటినుంచి టీసీపీ వాడకం పెరిగింది.

కాబట్టి మా పాత సెట్టింగులో యూడీపీ రాసినవారిది తప్పు కాదు. ఆ కాలపు వైర్లకు, ఆ మిషన్లకు అది సరిపోయింది. తర్వాత వైర్లు మారాయి, మిషన్లు మారాయి. ఆ ఒక్క మాట మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇప్పుడెందుకు పనికిరాదు? అడిషనల్ షీట్ల లెక్క

పరీక్ష హాలు గుర్తుతెచ్చుకోండి. జవాబులు ఎక్కువైతే అడిషనల్ షీట్లు తీసుకుని, అన్నిటినీ కలిపి దారంతో కడతాం. వైరు మీద కూడా ఇంతే. మామూలు ఈథర్‌నెట్ వైరులో ఒక్క ప్యాకెట్‌లో 1500 బైట్లకు మించి పట్టదు. యూడీపీతో 8 కిలోబైట్ల సమాచారం పంపితే అది 6 ముక్కలవుతుంది. 32 కిలోబైట్లయితే 23 ముక్కలు. అవతల అన్ని ముక్కలూ వచ్చాకే దారం కట్టడం.

ఇక్కడ మూడు చిక్కులున్నాయి.

ఒకటి: ఒక్క షీటు పోతే మొత్తం పేపరు చెల్లదు. వైరు సరిగా లేక నూటికి ఒక ముక్క పోతోందనుకుందాం. ఆరు ముక్కలూ క్షేమంగా చేరే అవకాశం 0.99ను ఆరుసార్లు గుణిస్తే వస్తుంది: సుమారు 0.94. అంటే నూరింటిలో ఆరు పేపర్లు మళ్లీ రాయాలి. 23 ముక్కలైతే 0.79. నూరింటిలో ఇరవై పేపర్లు మళ్లీ మొదటినుంచి. పోయింది ఒక్క షీటే అయినా అన్ని షీట్లూ మళ్లీ పంపాలి. టీసీపీలో పోయిన ముక్క ఒక్కటి పంపితే చాలు. (పదో తరగతి పిల్లలు ఈ లెక్క క్యాలిక్యులేటర్‌తో సరిచూడండి.)

రెండు: ఇది అసలు ప్రమాదం. ఏ షీటు ఏ పేపరుదో తెలియడానికి ప్రతి పేపరుకూ ఒక నంబరు ఉంటుంది, దాని షీట్లన్నిటి మీదా అదే నంబరు వేస్తారు. ఇప్పటికీ ఎక్కువగా వాడే ఐపీ నాలుగో వెర్షన్‌లో ఈ నంబరుకు ఉన్నది 16 బిట్లే. అంటే 65,536 నంబర్లు అయిపోగానే మళ్లీ మొదటినుంచి అవే నంబర్లు వస్తాయి. అవతల ఒక పేపరులో ఏదైనా షీటు రాకపోతే, మిగిలిన షీట్లను లినక్స్ మామూలుగా 30 సెకన్లు దాచి ఎదురుచూస్తుంది. ఆ 30 సెకన్లలో అదే నంబరుతో కొత్త పేపరు వస్తే? పాత పేపరు షీటూ కొత్త పేపరు షీటూ ఒకే దారంతో కట్టేసే ప్రమాదం ఉంది.

ఇది ఎప్పుడు జరుగుతుందో లెక్కేద్దాం. 8 కిలోబైట్ల చొప్పున 65,536 పేపర్లంటే 512 మెగాబైట్లు. సెకనుకు 10 మెగాబిట్లు పోయే పాత వైరు మీద అంత సమాచారం పోవడానికి ఏడు నిమిషాలు దాటుతుంది. 30 సెకన్ల గడువు ఎప్పుడో ముగిసిపోతుంది, భయం లేదు. 100 మెగాబిట్ల వైరు మీద సుమారు 45 సెకన్లు. అక్కడికీ ఫరవాలేదు. ఇవాళ మామూలైన 1 గిగాబిట్ వైరు మీద సుమారు నాలుగున్నర సెకన్లు! 30 సెకన్ల గడువులో నంబర్లు ఆరుసార్లు తిరిగి వస్తాయి. వైరు వేగం పెరగడమే ఇక్కడ ప్రమాదమైంది.

అలా తప్పుగా కట్టిన పేపరును పట్టుకోవడానికి యూడీపీలో చెక్‌సమ్ అనే సరిచూపు సంఖ్య ఉంది. అదీ 16 బిట్లే. దాదాపు 65,536 తప్పు పేపర్లలో ఒకటి దాని కన్నుగప్పి లోపలికి వెళ్లిపోవచ్చు. అరుదే, కానీ వెళ్లినప్పుడు ఎవరికీ తెలియదు. ఎర్రర్ రాదు, తెర మీద ఏమీ కనిపించదు. ఫైలు సేవ్ అయిందనే అనుకుంటాం. నెలల తర్వాత తెరిస్తే అవ్వ గొంతు మధ్యలో గరగరమనే చప్పుడు. తెలుగులో రాసిన వ్యాసమైతే, యూనికోడ్‌ను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోదానికి 3 బైట్లు పడుతుంది. వాటిలో ఒక్క బైటు మారినా అక్షరం స్థానంలో పిచ్చిగుర్తు కనిపిస్తుంది.

మూడు: యూడీపీకి రద్దీ తెలియదు. బెల్లు కొట్టగానే నలభై మంది ఒకేసారి సంచి తెరుస్తారు. స్విచ్ ఉక్కిరిబిక్కిరై కొన్ని ప్యాకెట్లు పడేస్తుంది. యూడీపీ మీద నడిచే ఎన్‌ఎఫ్‌ఎస్ సెకను, రెండు సెకన్లలో జవాబు రాకపోతే ప్రశ్న మొత్తం మళ్లీ పంపుతుంది. ఇరుకు సందులో బండ్లు ఆగిపోతే వెనకనుంచి ఇంకో పది బండ్లు తోసినట్టు. తర్వాత తర్వాత గడువు పెంచుకుంటుంది గానీ ఈలోగా పిల్లల తెరలు బిగుసుకుపోతాయి.

మళ్లీ పంపడంలో ఇంకో మెలిక కూడా ఉంది. ‘ఈ ఫైలు తీసెయ్’ అన్న ప్రశ్న సర్వర్‌కు చేరి పని అయిపోయింది, జవాబు మాత్రం దారిలో పోయిందనుకోండి. సిస్టమ్ మళ్లీ అడిగితే సర్వర్ ‘అలాంటి ఫైలే లేదు’ అంటుంది. ఇలా జరగకుండా సర్వర్ ఇటీవలి జవాబులను కొన్ని గుర్తుపెట్టుకుంటుంది. అయినా మళ్లీ అడగడం ఎంత తగ్గితే అంత మేలు. టీసీపీ మీద లినక్స్ మామూలుగా 60 సెకన్లు ఓపిక పడుతుంది. ఎందుకంటే పోయిన ముక్కల సంగతి కింద టీసీపీయే చూసుకుంటుంది.

టీసీపీకి అయ్యే ఖర్చు

టీసీపీ ముక్కలు మొదటే 1500 బైట్లలో పట్టేలా కోస్తుంది. కాబట్టి దారిలో మళ్లీ చీల్చే పని మామూలుగా రాదు. ప్రతి బైటుకూ 32 బిట్ల వరుస సంఖ్య ఉంటుంది గనక ఒక పేపరు షీటు ఇంకో పేపరులో కలిసే చిక్కు పోతుంది.

దీనికి ఖర్చు లేకపోలేదు. మొదట పరిచయానికి మూడు ప్యాకెట్లు అటూ ఇటూ పోవాలి. బడిలోని వైరు మీద అది కంటికి తెలియనంత సేపే. సర్వర్ ప్రతి సిస్టమ్‌కూ ఒక కనెక్షన్ గుర్తుపెట్టుకోవాలి. నలభై సిస్టమ్‌లంటే ఇవాళ్టి సర్వర్‌కు లెక్కలోకి రాదు. సర్వర్ ఆగి మళ్లీ లేస్తే కనెక్షన్ తెగుతుంది నిజమే, కానీ సిస్టమ్ దానంతటదే మళ్లీ కలుపుకుంటుంది.

వైఫై మీద నడిచే ల్యాప్‌టాప్‌లకైతే ఇంకో ఆలోచనే అక్కర్లేదు. గాలిలో ప్యాకెట్లు పోవడం మామూలు కాబట్టి అక్కడ టీసీపీయే.

ఏ వెర్షన్‌కు ఏ ప్రోటోకాల్?

• రెండో వెర్షన్: యూడీపీ కాలం నాటిది. వాడకండి.

• మూడో వెర్షన్: టీసీపీ, యూడీపీ రెండిటి మీదా నడుస్తుంది. టీసీపీ అని స్పష్టంగా రాయండి. దీనికి 2049 పోర్టు ఒక్కటే చాలదు. 111 పోర్టులోని పోర్ట్‌మ్యాపర్, మౌంట్ సేవ, ఫైలు తాళాల సేవ వేరువేరుగా ఉంటాయి. ఫైర్‌వాల్‌లో వీటన్నిటికీ దారి ఇవ్వాలి.

• నాలుగో వెర్షన్ (4.0, 4.1, 4.2): రద్దీ చూసుకునే రవాణా ప్రోటోకాల్ తప్పనిసరి అని దీని నియమాల్లోనే ఉంది. అంటే ఉట్టి యూడీపీ కుదరదు. టీసీపీ 2049 పోర్టు ఒక్కటి తెరిస్తే చాలు. 4.1 నుంచి ‘సెషన్’ ఏర్పాటు వచ్చింది. దానివల్ల ఒకసారి చేసిన పనిని మళ్లీ చేయడమనే చిక్కు తీరింది. 4.2 వెర్షన్ 2016 నవంబరులో ఆర్‌ఎఫ్‌సీ 7862గా వచ్చింది.

ఆర్‌డీఎంఏ అనే మూడో దారి కూడా ఉంది. దానికి ప్రత్యేకమైన నెట్‌వర్క్ కార్డులు కావాలి. పెద్ద పరిశోధన కేంద్రాల్లో వాడతారు, బడికి అవసరం లేదు.

లినక్స్ కెర్నెల్ 5.6 (2020 మార్చి) నుంచి యూడీపీ మీద ఎన్‌ఎఫ్‌ఎస్‌ను మామూలుగానే మూసిపెట్టారు. ఉబుంటు 20.10 నుంచి కూడా అదే పద్ధతి. పాత మ్యాపులో యూడీపీ అని రాసి ఉన్న ల్యాబు, కొత్త సిస్టమ్ వేసిన రోజు మాలాగే ఇబ్బంది పడుతుంది. మీకు తెలిసిన బడిలో సిస్టమ్‌లు మారుస్తుంటే ఈ మాట ముందే చెప్పండి.

మా మ్యాపులో ఇప్పుడు ఏం రాశాం?

ఆటోఎఫ్‌ఎస్‌కు ఏ సంచి ఎక్కడుందో చెప్పే ఫైలును మ్యాపు అంటారు. పిల్లలందరికీ కలిపి ఒక్క వరుస చాలు. ఇక్కడ చదవడానికి తెలుగు అక్షరాల్లో ఇస్తున్నాం. అసలు ఫైలులో ఇంగ్లీషు చిన్నక్షరాల్లో ఉంటుంది.

* -వెర్స్=4.2,ప్రోటో=టీసీపీ,హార్డ్ సర్వర్:/సంచులు/&

మొదటి నక్షత్రం గుర్తుకు ‘ఏ పేరు అడిగినా’ అని అర్థం. చివరనున్న గుర్తు ఆ అడిగిన పేరునే అక్కడ పెడుతుంది. పిల్ల తన పేరుతో అడిగితే తన సంచి, పక్క పిల్లవాడు అడిగితే అతని సంచి. మధ్యలోవి మనం ఎంచుకున్న సెట్టింగులు.

వెర్స్=4.2: ఏ వెర్షన్ కావాలో చెప్పడం.

ప్రోటో=టీసీపీ: నాలుగో వెర్షన్‌లో ఇది రాయకపోయినా మామూలుగా టీసీపీయే వస్తుంది. అయినా రాశాం. పదేళ్ల తర్వాత ఈ ఫైలు తెరిచే టీచరుకు మనం తెలిసే ఎంచుకున్నామని అర్థం కావాలి. పక్కనే తేదీ, కారణం కూడా రాసిపెట్టాం. పాత వరుస పక్కన ఎవరూ అలా రాయలేదు కనకే ఈసారి కారణం వెతకడానికి ఒక పూటంతా పట్టింది.

హార్డ్: సర్వర్ జవాబు ఇవ్వకపోతే సిస్టమ్ ఎదురుచూస్తూనే ఉంటుంది. దీనికి ఎదురు ‘సాఫ్ట్’. కాసేపు చూసి చేతులెత్తేసి, రాస్తున్న ఫైలును మధ్యలో వదిలేస్తుంది. సాఫ్ట్ పెడితే తెర బిగుసుకుపోదు, కానీ ఫైలు సగంలో పాడవ్వచ్చు. యూడీపీ, సాఫ్ట్ రెండూ కలిస్తే మరీ ప్రమాదం. పిల్లల పని దాచే చోట ‘హార్డ్’ ఉండాలి. కొద్దిసేపు తెర ఆగినా ఫరవాలేదు, ఫైలు నిలవాలి.

మ్యాపు మార్చినంత మాత్రాన అప్పటికే తగిలి ఉన్న సంచులు మారవు. అవి దిగి మళ్లీ తగులుకున్నప్పుడే కొత్త సెట్టింగు వస్తుంది. సిస్టమ్‌లన్నీ ఒకసారి ఆపి వేయడం సులువు. తర్వాత ‘ఎన్‌ఎఫ్‌ఎస్‌స్టాట్’ కమాండుకు ‘-ఎం’ చేర్చి నడిపితే ఏ సంచి ఏ ప్రోటోకాల్ మీద వచ్చిందో కనిపిస్తుంది. రాసింది ఒకటి, జరిగింది ఇంకొకటి కాకుండా ఇది తప్పక చూడాలి.

పాత సర్వర్ వల్ల ఇంకా మూడో వెర్షన్‌లోనే ఉన్నవారికి ఒక మాట. మూడో వెర్షన్‌లో ‘సంచి తగిలించు’ అని అడిగే ప్రశ్న వేరు, తర్వాత ఫైళ్లు చదివే రాసే ప్రశ్నలు వేరు. మొదటిదానికి ‘మౌంట్‌ప్రోటో’ అని విడిగా సెట్టింగు ఉంది. ఒకే మిషన్ వందల సంచులను గబగబా తగిలించి దించుతుంటే, వాడేసిన టీసీపీ పోర్టులు లినక్స్‌లో ఒక నిమిషం పాటు ఖాళీ కావు. ఎన్‌ఎఫ్‌ఎస్‌కు లినక్స్ మామూలుగా వాడేవి 665 నుంచి 1023 దాకా ఉన్న 359 పోర్టులే. అవి అయిపోతే కొత్త సంచి తగలదు. అలాంటి చోట, సర్వర్ ఒప్పుకుంటే, తగిలించమని అడిగే చిన్న ప్రశ్నను మాత్రం యూడీపీ మీద పంపే వీలుంది. ఆ ప్రశ్న ఒక్క ప్యాకెట్‌లో పడుతుంది, ముక్కల చిక్కు లేదు. ఫైళ్ల రాకపోకలకు మాత్రం టీసీపీయే ఉండాలి. నాలుగో వెర్షన్‌కు మారితే ఈ తిప్పలేమీ ఉండవు.

తల్లిదండ్రులు అడిగిన ప్రశ్నలు

"సార్, మావాడి ఫైళ్లు ఇంతకాలం యూడీపీ మీద వచ్చాయి కదా, పాడై ఉంటాయా?"
చాలా అరుదుగా జరిగేదే, కానీ చూసుకోవడం మంచిది. పిల్లలు ఈ నెలలో తమ ముఖ్యమైన ఫైళ్లు ఒక్కొక్కటిగా తెరిచి, రికార్డింగులు చివరిదాకా వినాలి. తేడా ఉంటే వెంటనే చెప్పండి, పాత బ్యాకప్‌లో వెతుకుతాం.

"టీసీపీ పెట్టాక ఇక భయం లేనట్టేనా?"
దారి భద్రమైంది, అంతే. సర్వర్ డిస్కు పాడైతే టీసీపీ ఏమీ చేయలేదు. పొరపాటున తీసేసిన ఫైలును తెచ్చివ్వలేదు. దానికి బ్యాకప్ ఒక్కటే మందు. అవ్వా తాతల రికార్డింగులు ఇంట్లో పెన్‌డ్రైవ్‌లో కూడా ఒక కాపీ ఉంచుకోండి.

"దారిలో ఎవరైనా చదివేస్తారా?"
టీసీపీ రహస్యాన్ని కాపాడదు, చేరవేయడమే దాని పని. దారిలో సమాచారాన్ని మూసి పంపడానికి టీఎల్‌ఎస్ వాడే పద్ధతి 2022 సెప్టెంబరులో ఆర్‌ఎఫ్‌సీ 9289గా వచ్చింది. దానికి సర్వర్ వైపు, సిస్టమ్‌ల వైపు కొత్త సాఫ్ట్‌వేర్ కావాలి. ప్రస్తుతానికి మా సంచులు బడి వైరు దాటి బయటికి రావు.

పిల్లలు గుర్తుంచుకోవలసినవి

1. ‘ఫోల్డరు లేదు’ అని వస్తే ఏడవకండి. ఒక నిమిషం ఆగి మళ్లీ తెరవండి. అప్పటికీ రాకపోతే టీచరును పిలవండి.

2. అదే పేరుతో కొత్త ఫోల్డరు చేయడానికి ప్రయత్నించకండి.

3. సేవ్ చేసేటప్పుడు తెర ఆగితే పవర్ బటన్ నొక్కకండి. సర్వర్ కోసం ఎదురుచూస్తోందని అర్థం. జవాబు రాగానే అదే కదులుతుంది.

4. ఫైలుకు తెలుగులో పేరు పెట్టండి, సంతోషమే. కానీ పేరుకు హద్దు 255 బైట్లు. తెలుగులో గుణింతాలు, ఒత్తులు కూడా విడిగా లెక్కకు వస్తాయి. అన్నీ కలిపి 85 గుర్తులు దాటకూడదు.

5. పీరియడ్ అయ్యాక లాగౌట్ చేసే వెళ్లండి.

ఆ సోమవారం ఏడ్చిన పాప సంచి మర్నాడు మధ్యాహ్నానికి తెరుచుకుంది. రికార్డింగు మొదటినుంచి చివరిదాకా తరగతిలో అందరం కూర్చుని విన్నాం. ఎక్కడా తేడా లేదు. పాత రికార్డింగులు సరిచూసుకోవాలనుకునే తల్లిదండ్రులు శనివారం మధ్యాహ్నం ల్యాబుకు రావచ్చు. వచ్చేటప్పుడు ఖాళీ పెన్‌డ్రైవ్ ఒకటి తెచ్చుకోండి.

– కంప్యూటర్ విభాగం